సముద్రం ఒడ్డు ఊళ్ళకి నాటకం ఎందుకు రాదు?

తీరంవాడు
మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. పేరు వద్దులెండి, మా ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇక్కడ ఉన్నారు. పోయిన వారం పట్నంలో మూడు రోజులు నాటకాలు వేశారు. కరపత్రంలో పెద్ద అక్షరాలతో 'అందరికీ ఉచిత ప్రవేశం' అని ఉంది. మా అమ్మకి పద్యనాటకం అంటే ప్రాణం, తీసుకెళ్దామనుకున్నా. నాటకం మొదలయ్యేది రాత్రి 7కి. మా ఊరి ఆఖరి బస్సు అక్కడ బయల్దేరేది 8:15కి. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, ముఖ్య అతిథి మాట్లాడేసరికి మేం బస్టాండులో ఉండాలన్నమాట. ఆటో అడిగితే రానూపోనూ 1200 అన్నాడు. వెళ్ళలేదు. అమ్మ ఏమీ అనలేదు, అదే బాధ.

ఇంకోటి. మా చిన్నది నాలుగో తరగతి. ఫోన్‌లో తప్పెటగుళ్ళు (గుండెకి తప్పెటలు కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట) చూసి "నాన్నా, వీళ్ళు ఏ ఊరోళ్ళు?" అంది. ఆ ఆట ఆడే యాదవుల ఊరు మాకు ఆరు కిలోమీటర్లు! నేనే దాన్ని ఎప్పుడూ తీసుకెళ్ళలేదు, ఆ తప్పు నాది. వాళ్ళు కూడా పెద్దవాళ్ళెవరైనా వస్తే స్వాగతానికి వెళ్ళి ఆడుతున్నారు గానీ పక్క ఊళ్ళో ఆడి ఎన్నాళ్ళయిందో.

మీ ఊళ్ళో ఎవరైనా ఏదైనా చేసి సాధించారా? నాటకమో, బుర్రకథో, బొమ్మలాటో, సంగీతమో, ఏదైనా. ఎలా చేశారో చెప్పండి. ప్రభుత్వాన్ని తిట్టే పోస్టులు వద్దు, అవి నేనే రాసుకోగలను.

కోనసీమ_కుర్రాడు
ప్రవేశం ఉచితం, నిష్క్రమణకి 1200 😀

నిజం_నిష్ఠూరం
నిష్ఠూరమైనా చెప్పాలి కదా. మా ఊళ్ళో మూడేళ్ళ కిందట జాతరకి పద్యనాటకం పెట్టించాం. చందాలకి నేనే తిరిగాను. రాత్రి పదింటికి మొదలైతే పన్నెండింటికి ముందు కూర్చున్నది ముప్పై మంది, రెండు కుక్కలు. కృష్ణుడు రాగం తీస్తుంటే ఒక కుక్క శ్రుతి కలిపింది. పక్క వీధిలో రికార్డింగ్ డాన్సుకి మాత్రం ఇసకేస్తే రాలలేదు. జనానికి కావాలంటే వస్తుంది, అక్కర్లేదు కాబట్టి రావట్లేదు. బస్సు మీద తోసేస్తే ఎలా?

హార్మోనియం_హనుమంతు
నిష్ఠూరంగారూ, ఆ కుక్కని మా నాటకాల్లోనూ చూశాను. అది అన్ని ఊళ్ళూ తిరుగుతుందనుకుంటా.

నేను ముప్పై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్నాను. అటువైపు లెక్క కూడా వినండి. పద్యనాటకం ఒప్పుకుంటే మేం పదునాలుగు మందిమి కదలాలి. వ్యాను, డ్రెస్సుల బాడుగ, మేకప్ మనిషి, తెరలు కట్టేవాడు, మైకు. కృష్ణుడికీ అర్జునుడికీ ఒక రేటు, మిగతా పాత్రలకి ఒక రేటు. పాతరోజుల్లో అయితే ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు, అంకానికి ఒకరు. ఇప్పుడు ఒక్క కృష్ణుణ్ణి మోయడమే ఊరికి బరువు. ఆ డబ్బులో సగానికి రికార్డింగ్ డాన్సు వాళ్ళు వస్తారు. కమిటీవాళ్ళు ఏం చేస్తారు చెప్పండి.

సముద్రం ఊళ్ళంటే మాకు ఇంకో భయం. ఉప్పుగాలి. హార్మోనియం రీడ్లు ఇత్తడివి, రెండు రాత్రులు ఆ గాలి తగిలితే చిలుము పడుతుంది. ఒకసారి నాగాయలంక వైపు వాయించి వచ్చాక నా పెట్టెలో పంచమం మూగబోయింది. మృదంగం మూత జావగారిపోతుంది. మా మృదంగిస్టు ఇంటర్వెల్‌లో దాన్ని హాలోజెన్ బల్బు ముందు పెట్టుకుని కూర్చునేవాడు, చలికాచుకుంటున్నట్టు.

గజ్జెల_గౌరి
నిష్ఠూరంగారూ, ముప్పై మంది అన్నారు కదా, అందులో ఆడవాళ్ళు ఎంతమంది?

నిజం_నిష్ఠూరం
ముందు వరసలో నలుగురైదుగురు ముసలమ్మలు. ఎందుకు?

గజ్జెల_గౌరి
ఎందుకంటే మిగతావాళ్ళు రాకపోవడానికి నాటకం బాగోకపోవడం కారణం కాదు. రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజామున ముగిస్తే మధ్యలో ఒంటికి వెళ్ళడానికి చోటేదీ? లైటు ఎక్కడ? పందిరి వెనక సీసాలు పట్టుకుని నిలబడేవాళ్ళ మధ్యలోంచి పోవాలి. మా అమ్మ చేపలమ్మేది. తెల్లవారుజామున మూడింటికల్లా లేచి రేవుకి పోవాలి. ఆవిడ జాతర నాటకాలన్నీ మా డాబా మీదనుంచి చెవులతో చూసింది. ఏ పద్యం ఎవరిదో గొంతుని బట్టి చెప్పేది, ఏ కిరీటం ఏ రంగో మాత్రం తెలీదు.

మొదలుపెట్టే టైము మార్చండి. సాయంత్రం ఆరుకి మొదలై తొమ్మిదికి అయిపోవాలి. ఎంతమంది వస్తారో అప్పుడు లెక్కపెడదాం.

తెనాలి_తమ్ముడు
గౌరక్క మాటకి ఇంకో బలం. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదు. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వచ్చు. ఆపైన లేదు. తెల్లార్లూ నాటకం అనేది ఇప్పుడు కాగితం ప్రకారం ఎలాగూ కుదరదు. మా దగ్గర నాటక పరిషత్తు పోటీల్లో నాటికలు గంటలో అయిపోతాయి. పద్యనాటకం కూడా రెండు గంటలకి కుదించి ఆడుతున్నారు.

హార్మోనియం_హనుమంతు
కుదిస్తే రాగం ఎక్కడ తియ్యాలి తమ్ముడూ? బస్సులోనా?

తెనాలి_తమ్ముడు
ఆఖరి బస్సు 8:15కి అంట. అందులో తీస్తే తీరంవాడి అమ్మగారు కూడా వింటారు.

రిటైర్డ్_మాష్టారు
ఈ గొడవ కొత్తది కాదు నాయనలారా. ఊళ్ళకి పుస్తకాలు ఎలా చేరాలన్న ప్రశ్న వందేళ్ళ కిందటే వచ్చింది. అప్పటివాళ్ళు జనాన్ని పట్నం రమ్మనలేదు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పెదపాలెం సేవాశ్రమం తరఫున పడవ గ్రంథాలయం నడిపారు. పడవలో పుస్తకాల బీరువాలు పెట్టి కొల్లూరు వైపు కాలవ మీద వదిలారు. రోడ్డు సరిగా లేని ఊళ్ళకి కాలవే దారి. పడవ రేవులో ఆగితే పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకెళ్ళేవాళ్ళు. జనం ఎక్కడికి ఎలాగూ వస్తారో, పుస్తకం అక్కడికే వెళ్ళింది.

ఇప్పుడు మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. రసీదు తీసి చూసుకోండి. ఆ డబ్బు స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. చాలా చోట్ల బకాయి పడుతుంది. మీ పంచాయతీ జమ చేసిందో లేదో సమాచార హక్కు కింద అడగండి. గ్రంథాలయం అంటే పేపరు చదివే గది ఒక్కటే అనుకుంటున్నాం. కథ చెప్పించడానికీ, బొమ్మలాట ఆడించడానికీ అదే చోటు.

నా సొంత అనుభవం ఒకటి. గార మండలం వైపు తీరంలో పనిచేసినప్పుడు ముప్పై అయిదు మంది పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్ళాను. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధ స్తూపాలు, పక్కనే చిన్న మ్యూజియం. కళింగపట్నం సముద్రానికి అంత దగ్గర. ఆ పిల్లల్లో ఒక్కడూ అంతకుముందు కొండెక్కలేదు. బౌద్ధుల దేవత తార విగ్రహం ముందు నిలబడి ఒకడు "మాష్టారూ, ఈవిడ మన గంగమ్మేనా?" అని అడిగాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళ తాతలు ఓడల మీద పోయిన రేవు అది, వాళ్ళకి తెలిసిన దేవతే అయి ఉంటుందిలే అనుకున్నాను.

కోనసీమ_కుర్రాడు
మాష్టారూ, పడవ లైబ్రరీ ఇప్పుడు పెడితే మావాళ్ళు బీరువాలు దింపేసి వల ఎక్కిస్తారు.

రిటైర్డ్_మాష్టారు
వల ఎక్కించినా ఒక బీరువాకి చోటుంటుంది నాయనా. పెద్ద పడవలే కదా మీవి.

ఉప్పుగాలి
పై పోస్టులన్నీ చదివాను. ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. "మత్స్యకారులకి కళ అందించాలి" అని అందరూ అంటున్నారు. మా దగ్గర లేదని ఎవరు చెప్పారు?

మా మామ్మ అలివి వల లాగేటప్పటి పాటలు పాడుతుంది. ఒడ్డున రెండు వైపులా తాడు పట్టుకుని ముప్పై నలభై మంది లాగాలి. పాట లేకపోతే అడుగు కలవదు, అడుగు కలవకపోతే వల రాదు. ఒకరు అంటే అందరూ హైలెస్సా అందుకోవడమే. మధ్యలో ఎవడు తాడు వదిలేసి బీడీ కాల్చుకుంటున్నాడో వాడి మీద అప్పటికప్పుడు చరణం కట్టేస్తారు. ఇప్పుడు ఇంజన్లు వచ్చాయి, అలివి తగ్గిపోయింది, లాగేది లేకపోతే పాడేది ఎక్కడ? మామ్మని ఊరికే కూర్చుని పాడమంటే "చేతిలో తాడు లేకుండా పాటేటిరా" అంటుంది.

పోయిన ఏడాది మా కాలేజీ ఉత్సవంలో 'మత్స్యకార నృత్యం' అని వేశారు. ప్లాస్టిక్ బుట్టలు, మెరుపు లంగాలు, వలకి బదులు వాలీబాల్ నెట్. నేను ముందు వరసలో కూర్చున్నాను. పక్కనున్న వాడు "మీవాళ్ళు భలే హుషారుగా ఉంటారు కదరా" అన్నాడు. వాలీబాల్ నెట్‌లో చేప ఆగుతుందా అసలు?

గజ్జెల_గౌరి
వాలీబాల్ నెట్!! నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు తమ్ముడూ.

హార్మోనియం_హనుమంతు
ఉప్పుగాలి బాబూ, నీ మాట ఒప్పుకుంటాను. కానీ మీ పాట మీకుంటే పద్యనాటకం మీకక్కర్లేదా? తీరంవాడి తల్లి పద్యాల కోసం కదా ఏడ్చింది. మా తాత చిన్నప్పుడు సముద్రం ఊళ్ళలోనే వన్స్‌మోర్లు ఎక్కువ అనేవాడు. నాటకం పట్నం వాళ్ళ సొత్తని ఎవరన్నారు?

ఉప్పుగాలి
అక్కర్లేదనలేదు. రావడం మీరు రండి. వచ్చినప్పుడు మా మామ్మ పాట కూడా అరగంట వినండి. మీరు స్టేజీ మీద, మేం కింద, ఎప్పుడూ ఇదే అయితే కష్టం.

నిజం_నిష్ఠూరం
అంటే హనుమంతుగారు హార్మోనియం మూసేసి వల లాగాలా?

ఉప్పుగాలి
లాగితే తప్పేం? పంచమం మూగబోయినప్పుడు ఎలాగూ ఖాళీయే కదా 😀

నిర్వాహకుడు
సరదా వరకు ఓకే. తప్పెటగుళ్ళ కులం గురించి ఒక పోస్టు తీసేశాను, మళ్ళీ వేస్తే చర్చ మూసేస్తా.

డాలస్_డప్పు
రెండు రోజులుగా చదువుతున్నా. మా నాన్నగారిది నెల్లూరు తీరం. ఆయన పేరు మీద ఏదైనా చేద్దామని ఉంది. సముద్రం ఊళ్ళో ఒక మంచి ఆడిటోరియం కట్టిస్తే ఎలా ఉంటుంది? ఏసీ, సౌండ్ సిస్టం, 300 సీట్లు. స్నేహితులం కలిసి వేసుకుంటాం.

కోనసీమ_కుర్రాడు
ఏసీ వెయ్యగలరు సార్, కరెంటు కూడా డాలస్ నుంచి లాగండి.

ఉప్పాడ_నేత
డాలస్ అన్నా, మంచి మనసే. కానీ మా ఊరి సంగతి విను. మా ఉప్పాడలో సముద్రం ఏటా కొంచెం కొంచెం లోపలికి వస్తోంది. నా చిన్నప్పుడు రామకోవెల ముందు నాటకాలు ఆడిన చోటు ఇప్పుడు నీళ్ళలో ఉంది. కోవెలా లేదు, రావిచెట్టూ లేదు. తుపానొస్తే బీచి రోడ్డే తెగిపోతుంది. నువ్వు కట్టిన ఆడిటోరియంలో మొదటి వరస సీట్లు చేపలకి పోతాయి.

మేం జాందానీ నేస్తాం. ఒక చీరకి ఇద్దరు మగ్గం మీద నెలలు కూర్చోవాలి. అది హైదరాబాదు షోరూం అద్దాల్లో వేలాడుతుంది, పెద్ద పెద్ద ఎగ్జిబిషన్లకి పోతుంది. నేసినోడి పిల్లలు ఒక్క ఎగ్జిబిషనూ చూడలేదు. నా కూతురు అడిగింది, మనం నేసిన చీర కట్టుకున్నావిడ ఎలా ఉంటుంది అని. ఫోటో కూడా లేదు నా దగ్గర.

గోడలు కట్టకు. వ్యానుకి డబ్బులియ్యి.

డాలస్_డప్పు
వ్యాను మీద నాన్నగారి పేరు రాయొచ్చా?

ఉప్పాడ_నేత
రాయించు. ముందూ వెనకా రెండు వైపులా రాయించు.

దివిసీమ_దివాకర్
ఆడిటోరియం కట్టక్కర్లేదు, ఆల్రెడీ ఉంది. తుపాను షెల్టర్! మాకు 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత వరసగా కట్టారు, తర్వాత కూడా తీరం పొడుగునా కొత్తవి వచ్చాయి. వాటి పేరే బహుళ ప్రయోజన భవనం. ఎత్తు మీద ఉంటుంది, పెద్ద హాలు, మరుగుదొడ్లు ఉంటాయి (గౌరిగారూ గమనించండి), ర్యాంపు ఉంటుంది కాబట్టి ముసలివాళ్ళు మెట్లెక్కక్కర్లేదు. తుపాను ఏడాదికి ఒకటో రెండో. మిగతా రోజులు తాళం.

ఆ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే మా ఊళ్ళో ఒక పెద్ద నాటకం. పంచాయతీ వాళ్ళు రెవెన్యూ అంటారు, రెవెన్యూ వాళ్ళు కమిటీ అంటారు, కమిటీలో ఉన్నాయన పోయి నాలుగేళ్ళయింది.

ఇంకో విచిత్రం వినండి. అవనిగడ్డ నుంచి కూచిపూడి ఎంత దూరమని? చల్లపల్లి దాటితే వచ్చేసినట్టే. ప్రపంచమంతా అక్కడికి నేర్చుకోవడానికి వస్తుంది. మా అన్న కూతురు మాత్రం హైదరాబాదు టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో కూచిపూడి నేర్చుకుంటోంది. నెట్ ఆగిపోతే ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడుతుంది, మళ్ళీ సిగ్నల్ వచ్చేదాకా.

గజ్జెల_గౌరి
ఆ పాప బ్యాలెన్స్ మాత్రం గట్టిగా ఉంటుంది. షెల్టర్ ఆలోచన నాకు నచ్చింది. మరుగుదొడ్లో నీళ్ళు వస్తాయా అని ముందు చూడండి.

తీరంవాడు
షెల్టర్ మా ఊళ్ళోనూ ఉంది! ఇన్నాళ్ళూ తట్టలేదు చూడండి. తాళం వీఆర్వోగారి దగ్గర ఉందని మా అమ్మే చెప్పింది. ఆవిడకి ఊళ్ళో అన్ని తాళాల సంగతీ తెలుసు.

ఇక టైము సంగతి. మా దగ్గర మగవాళ్ళు సగం మంది ఆగస్టు తర్వాత గుజరాత్ వేరావల్ పోతారు బోట్ల మీద పనికి. ఎండాకాలానికి గానీ తిరిగి రారు. దసరాకో సంక్రాంతికో ప్రోగ్రాం పెడితే ఊళ్ళో ఆడవాళ్ళూ ముసలివాళ్ళే. ఇక్కడ వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ అందరూ ఇంటి దగ్గరే ఉంటారు. పట్నం వాళ్ళు నాటకోత్సవాలు పెట్టేది చల్లగా ఉందని శీతాకాలం. మా ఊరి క్యాలెండరు వేరు, అది ఎవరూ అడగలేదు.

నిజం_నిష్ఠూరం
నిషేధం రోజుల్లో సంపాదన ఉండదు. చందా ఎవరిస్తారు?

తీరంవాడు
అదీ నిజమే. అందుకే ఖర్చు తక్కువది కావాలి. పదునాలుగు మంది వ్యాను మా వల్ల కాదు. హనుమంతుగారు క్షమించాలి.

రిటైర్డ్_మాష్టారు
బుర్రకథ పెట్టించు నాయనా. ముగ్గురే. కథకుడు తంబుర పట్టుకుంటాడు, ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. ఆ రాజకీయం వంతకి మీ ఊరి సంగతులు నాలుగు ముందే చెప్పి ఉంచు, రోడ్డూ, నీళ్ళ ట్యాంకూ, తాళం చెవీ, కథలో ఇరికించేస్తాడు. షేక్ నాజర్ గారు ఊరూరా తిరిగి జనాన్ని కూర్చోబెట్టింది ఆ ముగ్గురితోనే. 1986లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. తెర అక్కర్లేదు, సెట్టింగు అక్కర్లేదు, ఆటోలో వచ్చి ఆటోలో పోతారు.

కోనసీమ_కుర్రాడు
మా సామర్లకోట దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట వాళ్ళు ఉన్నారు. తెల్లగుడ్డ, వెనక లైటు, అంతే. పిల్లలకి అది పెట్టండి. బంగారక్క, కేతిగాడు వచ్చారంటే పెద్దవాళ్ళు కూడా కదలరు. కేతిగాడి బూతులు కాస్త తగ్గించమని ముందే చెప్పుకోవాలి.

తెనాలి_తమ్ముడు
తగ్గిస్తే నిష్ఠూరంగారి ముప్పై మంది కూడా రారు.

సరిగమ_శాంతి
స్కూళ్ళకయితే స్పిక్ మెకే వాళ్ళని కదపండి. 1977లో మొదలైన స్వచ్ఛంద ఉద్యమం, పెద్ద కళాకారులని విద్యాసంస్థలకి తీసుకెళ్ళి కచేరీలు చేయిస్తారు. తంజావూరులో దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ఉంది, మన రాష్ట్రం దాని కిందే వస్తుంది. జానపద బృందాలని వాళ్ళు పంపిస్తుంటారు. దరఖాస్తు ముందుగా పెట్టుకోవాలి, చివరి వారం పెడితే దండగ. ఒక సంస్థకి నేను రాసిన ఉత్తరానికి ఏడాది తర్వాత జవాబొచ్చింది, 'మీ కార్యక్రమం విజయవంతం కావాలని కోరుకుంటున్నాము' అని. కార్యక్రమం అయిపోయి ఎనిమిది నెలలు.

మేం ఉండేది విజయనగరం. ఘంటసాల చదివిన సంగీత కళాశాల ఊరు ఇది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఊళ్ళో ఇప్పటికీ సంగీతం ఉంది. సముద్రం వైపు ఇరవై కిలోమీటర్లు పోతే ఒక్క సంగీతం టీచరూ లేదు. మా స్టూడెంట్లు ఇద్దరిని నెలకి రెండు ఆదివారాలు ఒక తీరపు ఊరికి పంపాను. మూడో నెలకి మానేశారు, బస్సు చార్జీలు వాళ్ళ జేబులోంచి పెట్టుకుంటున్నారని నాకు తర్వాత తెలిసింది. అది నా పొరపాటు.

డాలస్_డప్పు
శాంతిగారూ, ఆ చార్జీలు ఏడాదికి ఎంతవుతుంది? సీరియస్‌గా అడుగుతున్నా. ఆడిటోరియం మానేశాను.

సరిగమ_శాంతి
మెసేజ్ పెట్టాను. మీరు నవ్వుతారు, అంత తక్కువ.

తీరంవాడు
నా ప్రశ్న మీద నేనే మళ్ళీ రాస్తున్నా. మధ్యలో రెండు నెలలు గడిచాయి. మే నెలలో బుర్రకథ అయింది. ఎలా జరిగిందో చెప్తా.

తాళం దొరికింది. హాలు ఊడ్చడానికి రెండు రోజులు. పావురాలు కాపురం పెట్టేశాయి. డాలస్ అన్న వ్యాను డబ్బులు పంపాడు (పేరు రాయలేదు అన్నా, వ్యాను వాడు ఒప్పుకోలేదు, బ్యానర్ కట్టాం). మిగతాది పడవకి 100 చొప్పున వేసుకున్నాం. ఇవ్వనివాళ్ళని అడగలేదు.

సాయంత్రం ఆరున్నరకి అని చాటించాం. అయిదున్నరకే ఆడవాళ్ళు పీటలూ చాపలూ తెచ్చుకుని ముందు సగం హాలు ఆక్రమించేశారు. మగవాళ్ళు బయట పేకాట. ఏడున్నరకి రాజకీయం వంత మా ఊరి మంచినీళ్ళ ట్యాంకు మీద పడ్డాడు. రెండు నిమిషాల్లో పేకముక్కలు మడిచి అందరూ లోపల. చోటు చాల్లేదు.

తప్పులు కూడా చెప్పాలి. కాంక్రీటు హాలు కదా, మైకు పెడితే ఒక మాట నాలుగుసార్లు వినపడింది. పది నిమిషాలు చూసి మైకు ఆపేయించాం, వాళ్ళ గొంతులకి అదే నయం. కరెంటు రెండుసార్లు పోయింది, సెల్‌ఫోన్ లైట్లతో నడిపాం. ఉక్క మామూలుగా లేదు. మధ్యలో ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు. ఈసారి కిటికీలు ముందే తీసి చూడాలి, సగం తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

మా అమ్మ మొదటి వరసలో కూర్చుంది. పద్యాలు కావు కదా అని ముందు మూతి ముడిచింది. బొబ్బిలి కథ వచ్చేసరికి కళ్ళనీళ్ళు. ఇంటికొచ్చి "తబలా ఉంటే ఇంకా బాగుండును" అంది. ఆవిడకి ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువే.

ఉప్పుగాలి తమ్ముడు వాళ్ళ మామ్మని తీసుకొచ్చాడు. మిగతాది అతనే రాస్తే బాగుంటుంది.

ఉప్పుగాలి
స్టేజీ ఎక్కనంది. ఎంత బతిమాలినా ఎక్కలేదు. బుర్రకథ అయిపోయి అందరూ లేస్తుంటే తీరంవాడన్న ఎక్కడినుంచో పడవ తాడు తెచ్చి హాలు పొడుగునా పరిచాడు. ఒక కొస మామ్మ ముందు పడేశాడు. తిట్టింది ముందు. తర్వాత పట్టుకుంది. రెండో కొస పట్టుకోవడానికి ముసలాళ్ళు పది పన్నెండు మంది లేచారు. పాట ఎత్తుకుంది. వేరావల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళకి హైలెస్సా తప్ప మిగతా మాటలు రావు, అదే అరిచారు. మామ్మ ఒక చరణంలో వీఆర్వోగారిని పెట్టేసింది, తాళం మొలకి కట్టుకుని తిరుగుతాడని. ఆయన అక్కడే ఉన్నాడు. నవ్వాడు పాపం.

ఫోన్‌లో రికార్డు చేశాను. సగం గోలే వినపడుతుంది. ఇంకా పదకొండు పాటలు ఉన్నాయంది, రోజుకొకటి రాసుకుంటున్నా.

హార్మోనియం_హనుమంతు
నన్ను పిలవలేదు. సరే. వచ్చే ఏడాదికి పద్యాలు నాలుగు, ఇద్దరు నటులు, నేను. కుదించే వస్తాను, తమ్ముడు తెనాలి గెలిచాడు. హార్మోనియానికి గుడ్డ సంచీ లోపల ప్లాస్టిక్ కవరు వేస్తే ఉప్పుగాలి ఆగుతుందా, ఎవరైనా చూశారా?

ఉప్పాడ_నేత
ప్లాస్టిక్ వేస్తే లోపల చెమ్మ పడుతుంది బాబాయ్. మేం పట్టుకి పొడి నూలుగుడ్డే చుడతాం. అది చేసి చూడు.

నిజం_నిష్ఠూరం
ఎంతమంది వచ్చారో లెక్క చెప్పలేదు.

తీరంవాడు
లెక్కపెట్టలేదండీ. చెప్పులు మాత్రం మర్నాటికి పదిహేడు జతలు మిగిలాయి. ఎవరివో తెలీదు.

గజ్జెల_గౌరి
మరుగుదొడ్లో నీళ్ళు వచ్చాయా?

తీరంవాడు
రాలేదు గౌరిగారూ. రెండు డ్రమ్ములు నింపి పెట్టాం. ఒకటి చాల్లేదు, రెండోది సరిపోయింది.

దివిసీమ_దివాకర్
మీది చూసి నేనూ మా ఊళ్ళో తిరగడం మొదలుపెట్టా. నిన్న తాళం దొరికింది, పోయినాయన వాళ్ళ కోడలు ఉప్పుడబ్బా వెనక దాచిందట. తలుపు తీస్తే లోపల ఎవరివో ధాన్యం బస్తాలు అరవై దాకా ఉన్నాయి. ఎవరూ మావి అనట్లేదు. జనాన్ని వాటి మీద కూర్చోబెడితే ఏమైనా అవుతుందంటారా?